ఉస్తాద్ దగ్గర దొరికేది సర్కారు దగ్గర దొరకదా?

పని నేర్చుకోవడం మన ముస్లిం కుటుంబాలకు కొత్త సంగతి కాదు. మెకానిక్ షెడ్డులో, టైలరు దుకాణంలో, వెల్డింగు షాపులో ఉస్తాద్ దగ్గర చేరిన కుర్రవాడు కొన్నేళ్లకు పనిమంతుడై బయటికొస్తాడు. నేర్చుకునే రోజుల్లో కూడా ఉస్తాద్ అతని చేతిలో ఎంతో కొంత పెడతాడు. ఈ షాగిర్దీనే కాలేజీలు ఇప్పుడు ఇంటర్న్‌షిప్ అంటున్నాయి. అయితే డిగ్రీ చదివే పిల్లలకు ఆ చోటు ఎవరు చూపాలి, ఆ నెలల ఖర్చు ఎవరు భరించాలి అన్నదే తేలని ప్రశ్న.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యాసంవత్సరం నుంచి మూడేళ్ల డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటి ఏడాది తర్వాత 2 నెలలు ప్రజల మధ్య ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత 2 నెలల శిక్షణ, ఆపైన ఒక సెమిస్టరు మొత్తం పనిలోనే. ఆలోచన మంచిదే. కానీ కంపెనీలు లేని ఊళ్ల పిల్లలకు ఇది సర్టిఫికెట్ వేటగా మారే ప్రమాదం ఉంది. కేంద్రం 2024లో ప్రకటించిన పథకం నెలకు 5,000 రూపాయలు ఇస్తామంది. అది ప్రకటించినప్పుడు 21 నుంచి 24 ఏళ్లవారికి, అదీ పూర్తికాలం చదువులో లేనివారికే. రోజూ కాలేజీకి వెళ్లే విద్యార్థికి అప్పుడు అందులో చోటు లేకపోయింది.

ఇక మన కారేపల్లి సంగతి చూద్దాం. డోర్నకల్ నుంచి కొత్తగూడెం వెళ్లే రైలు మార్గంలో ఇదొక జంక్షన్, సింగరేణి మండలానికి కేంద్రం. 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు జాడ బయటపడింది. ఆ బొగ్గు తవ్వే సంస్థ సింగరేణి ఊరి పేరే పెట్టుకుంది. అందులో 51 శాతం వాటా రాష్ట్ర ప్రభుత్వానిది. పేరు ఇచ్చిన ఊరి పిల్లలకు రెండు నెలలు లెక్కల విభాగంలోనో, ఆసుపత్రిలోనో, వర్క్‌షాపులోనో కూర్చుని నేర్చుకునే చోటు ఇవ్వమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

సింగరేణి సంస్థ ఒక్కటే కాదు. తహసీల్దార్ కార్యాలయం, మండల పరిషత్, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అటవీ శాఖ, భద్రాచలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ, ఇవన్నీ సర్కారువే. బీకాం అమ్మాయి పంచాయతీ లెక్కలు చూడవచ్చు. బీఎస్సీ అబ్బాయి ఆరోగ్య కేంద్రంలో రికార్డులు రాయవచ్చు. వచ్చిన పిల్లల చేత టీలు తెప్పించకుండా, ఏం నేర్పారో రాసి సంతకం పెట్టే బాధ్యత ఒక అధికారికి అప్పగించాలి.

"ఆడపిల్లను తెలియని పట్నానికి ఎలా పంపుతాం?" అని తల్లిదండ్రులు అడుగుతారు. ఆ భయాన్ని తప్పుపట్టలేం. కనుకనే చోటు దగ్గరలో ఉండాలంటున్నాం. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవారికి ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి చేరే చోట పని దొరికితే అబ్బాజాన్‌లకు అభ్యంతరం ఉండదు. అబ్బాయిలకు బస్సు పాసు, అందరికీ కొంత స్టైపెండ్ ఇవ్వాలి. సెలవుల్లో కూలికో, కొట్టుకో వెళ్లి ఫీజు కూడబెట్టుకునే విద్యార్థి ఆ రెండు నెలలు ఉత్తచేతులతో పనిచేయలేడు. జీతం లేని ఇంటర్న్‌షిప్ ఉన్నవాళ్ల పిల్లలకే మిగులుతుంది.

2016లో మొదలైన మైనారిటీ గురుకులాల్లో చదివిన మన ఆడపిల్లలు ఇవాళ డిగ్రీ మెట్లు ఎక్కుతున్నారు. చదువు దాకా తెచ్చిన ప్రభుత్వం ఉద్యోగం గడప దగ్గర చెయ్యి వదలకూడదు. మన వంతు పని కూడా ఉంది. ఊరి పెద్దలు, చదువుకున్న యువకులు కలిసి ప్రిన్సిపాల్‌నూ, మండల అధికారులనూ కలిసి అర్జీ ఇవ్వాలి. వేసవి సెలవులు రాకముందే అడగాలి. అడగనిదే అమ్మయినా పెట్టదు.