డయలుకు రంగు వేయింపకుడు

రాయగడ నుండి కోరాపుట్టునకు పోవు రైలులో కిటికీ ప్రక్కన కూర్చుండి, ఒక సొరంగము దాటి మరియొక సొరంగము చేరులోపల కిలోమీటరు రాయి కనబడిన క్షణమున గడియారపు మీట నొక్కి, తరువాతి రాయి కడ మరల నొక్కి, ముల్లు నిలిచిన చోటి అంకెను చదివి బండి వేగమును తెలిసికొనుట నాకు చిరకాలపు వేడుక. ఆ చేతిగడియారము మా నాన్నగారిది. స్విట్జర్లాండులో తయారైన, రెండు మీటల క్రోనోగ్రాఫు. దాని డయలుపై నత్తగుల్ల చుట్లవలె మూడు వరుసలుగా లోనికి ముడుచుకొనిపోవు వేగసూచిక యున్నది. సాధారణమైన వేగసూచిక అరువది సెకండ్లతో ముగియును గనుక గంటకు 60 కిలోమీటర్లకు తక్కువైన వేగమును చూపజాలదు. ఈ నత్తచుట్టో, మూడు నిమిషముల వరకు సాగి 20 కిలోమీటర్ల వేగమును గూడ తెలుపును. కొండదారిని మెల్లగా ఎక్కు మన బండ్లకు ఇంతకన్న తగిన సాధనము లేదు.

ఐనను ఆ గడియారము నేడు అసత్యము చెప్పుచున్నది. రాతికిని రాతికిని నడుమ తొంబది సెకండ్లు పట్టినప్పుడు వేగము 40 కిలోమీటర్లు కావలెను. డయలు 45 అని చూపును. లోని యంత్రమునందు దోషము లేదు. చాల యేండ్ల క్రిందట వానకాలపు చెమ్మ అద్దము క్రిందికి చేరి నల్లని మచ్చలు పడగా, బాగుచేయించి తెమ్మని నాన్నగారు నా చేతికిచ్చిరి. నేను డయలుకు క్రొత్తరంగు వేయించి తెచ్చితిని. తెల్లగా నిగనిగలాడుచున్న దానిని చూచి ఇంటిల్లిపాదియు మెచ్చుకొనిరి. రంగు వేసిన చేతికి ఆ చుట్లు అలంకారముగా తోచినవేగాని, వానిలోని ప్రతి అంకెకును స్థానము గణితముచే నిర్ణయింపబడినదని తెలియలేదు. నాకును తెలియలేదు.

క్రోనోగ్రాఫు అను మాటకు కాలమును వ్రాయునది యని అర్థము. 1821లో నికొలా రియుసెక్ అను ఫ్రెంచి గడియారకారుడు పారిసులో గుఱ్ఱపు పందెములను కొలిచినప్పుడు అతని యంత్రము నిజముగానే తిరుగుచున్న డయలుపై సిరాచుక్క పెట్టి కాలమును వ్రాసెను. ఆగిన ముల్లును ఒక్క నొక్కుతో సున్నకు తెచ్చు హృదయాకారపు బిళ్ళకు అడాల్ఫ్ నికోల్ 1844లో పేటెంటు పొందెను. అటుపై ముంజేతికెక్కిన ఈ యంత్రమునకు మానవుని అక్కరలన్నియు డయలుపైననే లిఖింపబడినవి: వైద్యునికి నాడి కొలుచు గీతలు, ఫిరంగిదళమువారికి దూరము కొలుచు గీతలు. మెరుపు కనబడగానే మీట నొక్కి ఉరుము వినబడగానే ఆపినచో, మూడు సెకండ్లకు ఇంచుమించు ఒక కిలోమీటరు చొప్పున పిడుగు ఎంత దూరమున పడినదో తెలియును. వైశాఖమాసపు గాలివానలలో కోరాపుట్టు కొండలపై నిలిచినవారికి ఇది ఉపయోగము లేని విద్య కాదు. తనంతట తానే కీ చుట్టుకొను క్రోనోగ్రాఫులు 1969లో లోకమునకు వచ్చినవి. ఆ సంవత్సరపు డిసెంబరులోనే జపానున సీకో వారి క్వార్ట్జు చేతిగడియారమును వచ్చినది. పరిపూర్ణతయు, దానిని మూలకు నెట్టు శక్తియు ఒకే యేట పుట్టినవి.

మన కోరాపుట్టు జిల్లాకు ఈ కథతో బొత్తిగా సంబంధము లేదనుకొనరాదు. సునాబేడలోని హిందూస్థాన్ ఏరోనాటిక్స్ కర్మాగారము మిగ్-21 విమానములకు ఇంజన్లు తయారుచేసినది. ఆ విమానమునందు చోదకుని యెదుట నుండిన సోవియెటు గడియారమును ఇట్టి కీ గడియారమే. దాని పెద్ద ముఖమున పొదిగిన చిన్న వలయములలో ఒకటి ఎగిరిన కాలమును, మరియొకటి స్టాప్ వాచీ లెక్కను చూపును. 2025 సెప్టెంబరు 26న ఆ విమానములు మన వాయుసేన నుండి విరమించినవి. ఆ కర్మాగారమున పనిచేసి ఉద్యోగము చాలించిన తెలుగువారి యిండ్లలో, పెట్టె అడుగున, చేతిరుమాలులో చుట్టియుంచిన పాతగడియారము లేకపోదని నా నమ్మకము. దానిని నేడో రేపో కుమారుడో మనుమడో బయటికి తీసి, నావలెనే, క్రొత్తగా చేయింపవలెనని బయలుదేరును. అతనికొరకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

పురాతన వస్తువును క్రొత్తదిగా కనబడజేయుట మనకు గౌరవమువలె తోచును. పూరీ జగన్నాథాలయమునకు తరతరములుగా పూసిన సున్నమును పురావస్తు శాఖవారు 1975 నుండి తొలగింపగా క్రిందనుండి శిల్పములు బయటపడినవి. సున్నము వానిని మరుగుపరచినదేగాని హరింపలేదు. డయలు సంగతి అట్లు కాదు. రంగు వేయువారు మొదట పాతదానిని లోహము కనబడువరకు గీకివేయుదురు. దాని క్రింద మరల వెలికి తీయుటకు ఏమియు మిగులదు. మన దేశమునుండి వచ్చిన పాతగడియారము అనగానే విదేశీయ సంగ్రాహకులు సందేహించుటకు ఈ అలవాటే ముఖ్యకారణము. వారి విపణిలో మూల్యము డయలునందే యున్నదనుటకు ఒక్క నిదర్శనము చాలును: నటుడు పాల్ న్యూమన్ ధరించిన రోలెక్స్ క్రోనోగ్రాఫు 2017లో న్యూయార్కు వేలమున ఒక కోటి డెబ్బదియేడు లక్షల డాలర్లకు పైగా పలికినది. ధరలో అతని కీర్తి భాగము కొంత యున్నను, ఆ జాతి గడియారములను తోడివానినుండి వేరుచేయునది డయలు తీరు మాత్రమే.

ఐనను ధరకై సంగ్రహించుట నాకు రుచింపదు. తెరవని పెట్టెలో నున్న క్రోనోగ్రాఫు పలుకని వీణ. నూనె ఎండిపోయి పళ్ళచక్రములు అరిగిపోకుండ కొన్ని యేండ్లకొకసారి విప్పించి శుభ్రపరపవలెను. కవచమును సాన పట్టింపరాదు. మార్చిన భాగమేదైన నున్నచో పాతదానిని పొట్లముగట్టి ఇమ్మని అడిగి తెచ్చుకొనవలెను. ఈ పని చేయగల వృద్ధుల దుకాణములు మన పట్టణములలో ఒక్కటొక్కటిగా మూతబడుచున్నవి. బెంగుళూరున 1961లో గడియారములు చేయనారంభించిన హెచ్.ఎం.టి. వారి గడియారాల సంస్థను మూసివేయుటకు 2016లో నిర్ణయమైనది. ఆ గడియారముల మరమ్మతుపై బ్రతికినవారు నేడు బ్యాటరీలు మార్చి పొట్టపోసికొనుచున్నారు. వారిలో ఒకరికి మంచి క్రోనోగ్రాఫు నిచ్చి, తొందరపెట్టక, అడిగిన కూలి బేరమాడక చెల్లించుటకన్న ఈ విద్యకు మనము చేయగల మేలు లేదు.

గడచిన శ్రావణమున నేనట్లే ఒక పెద్దాయన వద్దకు పోయితిని. ఆయన కంటికి భూతద్దము బిగించుకొని వెనుకమూత తీసి, మీట నొక్కి, స్తంభచక్రము తిరుగుటను, లోపలి మీటలు దాని స్తంభముల నడుమ పడి లేచుటను చాలసేపు మౌనముగా చూచి, "మిషను బంగారంలా ఉంది బాబూ. డయలెవరో పాడుచేసేరు. మళ్ళీ వేయించమంటారా?" అని అడిగెను.

వద్దంటిని. ఆయన తల యూపి, చీటీపై నా పేరు వ్రాసి, దాని క్రింద "నూనె మాత్రమే" అని వ్రాసికొనెను.