ఎత్తుంది, ఒళ్ళు లేదట!

పోయిన వారం మా అమ్మాయి బడి నుంచి వచ్చి, బ్యాగు సోఫాలో పడేసి, మాట్లాడకుండా గదిలోకి వెళ్ళిపోయింది. కాసేపాగి పాలు తీసుకెళ్తే నా చేతిలో ఒక కాగితం పెట్టింది. బాస్కెట్‌బాల్ జట్టు ఎంపికలో ఒక్కొక్క పిల్ల గురించీ రాసిచ్చిన కాగితం. దీని పేరు పక్కన ఇలా ఉంది: "సెంటర్. ఎత్తుంది, ఒళ్ళు లేదు. బరువు పెరగాలి."

అంతే. మూడేళ్ళుగా పొద్దున్నే అయిదున్నరకి లేచి గ్రౌండుకి పరిగెత్తే పద్నాలుగేళ్ళ పిల్ల గురించి మూడు ముక్కలు! ఆటెలా ఉందో ఒక్క మాట లేదు. పెళ్ళిచూపులయ్యాక అవతలివాళ్ళు పంపే కబురు గుర్తొచ్చింది నాకు. "పిల్ల లక్షణంగానే ఉంది గానీ, కాస్త సన్నం."

ఆ కాగితం వచ్చిన మర్నాటి నుంచి మా పిల్ల రోజూ రాత్రి బరువు చూసుకోవడం మొదలుపెట్టింది. మూడు ఇడ్లీలు తినేది కాస్తా బలవంతంగా ఆరు కుక్కుకుని, ఒకరోజు బడికి వెళ్ళే ముందు కక్కేసింది. అందుకే ఈ టపా. కోపంగా రాస్తున్నాను, ముందే చెప్తున్నా.

సెంటర్ అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. జట్టులో అందరికన్నా పొడుగ్గా ఉండి, రింగు దగ్గర కాపలా కాసేవాళ్ళు. అవతలివాళ్ళు బంతి వేస్తే చేత్తో ఆపాలి, దాన్ని బ్లాక్ అంటారు. తప్పిన బంతిని ఎగిరి పట్టుకోవాలి, అది రీబౌండ్. నాకూ మొదట్లో ఇవేమీ తెలియవు. అమెరికాలో రాత్రి ఆడే ఆటలు మనకి పొద్దున ఆరున్నర, ఏడింటికి వస్తాయి, సరిగ్గా నేను ఇడ్లీపాత్ర పొయ్యి మీద పెట్టే వేళ. పిల్లకి జడ వేస్తూ చూసీ చూసీ నాకూ పిచ్చి పట్టుకుంది.

మేం చూసేది విక్టర్ వెంబన్యామాని. ఫ్రాన్స్ కుర్రాడు, 2004 జనవరిలో పుట్టాడు. 7 అడుగుల 4 అంగుళాల ఎత్తు, చేతులు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకి 8 అడుగులు. బరువు మాత్రం అప్పట్లో 95 కిలోల దగ్గర. 2023 జూన్‌లో శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టు అందరికన్నా ముందు అతన్ని ఎంచుకుంది. అతని గురించి కూడా పెద్దపెద్దవాళ్ళు పదే పదే అన్నది ఇదే: "ఎత్తుంది, ఒళ్ళు లేదు. బలమైనవాళ్ళు నెట్టేస్తారు, విరిగిపోతాడు." జూలైలో కొత్తవాళ్ళ పోటీల మొదటి మ్యాచ్‌లో 13 సార్లు వేసి 2 సార్లే గెలిపించుకునేసరికి, ఇంకేం, చాలామంది నాలుకలకి పని దొరికింది. అదే మ్యాచ్‌లో 5 బ్లాకులు చేశాడని గుర్తు పెట్టుకున్నవాళ్ళు తక్కువ.

అసలు సీజన్ మొదలయ్యాక స్పర్స్ వాళ్ళు అతన్ని సెంటర్‌గా ఆడించలేదు. బరువైన జాక్ కాలిన్స్‌ని అక్కడ నిలబెట్టి, ఇతన్ని పక్క స్థానంలో ఆడించారు. సన్నగా ఉన్న పిల్లాడు కుమ్ములాటలో నలిగిపోకూడదన్న జాగ్రత్త అందులో ఉందనే నేననుకుంటాను. డిసెంబరులో మనసు మార్చుకుని సెంటర్‌గా దించారు. అక్కడి నుంచీ ఆటే మారిపోయింది. 2024 ఫిబ్రవరిలో టొరంటో మీద ఒకే మ్యాచ్‌లో 27 పాయింట్లు, 14 రీబౌండ్లు, 10 బ్లాకులు. సీజన్ మొత్తం మీద మ్యాచ్‌కి సగటున 3.6 బ్లాకులు, లీగులో అందరికన్నా ఎక్కువ. మొదటి ఏడాదే లీగు అత్యుత్తమ డిఫెన్స్ జట్టులో చోటు దక్కిన మొదటి ఆటగాడు అతనే. ఎక్కడ విరిగిపోతాడన్నారో అక్కడే నిలబడ్డాడు.

అయితే లోపాలు లేవా? ఉన్నాయండీ, బోలెడు. మొదటి ఏడాది మ్యాచ్‌కి 3.7 సార్లు బంతి పోగొట్టుకునేవాడు. అంత పొడుగు మనిషి బంతి తట్టుకుంటూ వెళ్తుంటే, నేలకీ చేతికీ మధ్య ఉన్న దూరంలో పొట్టివాడు చెయ్యి పెట్టి లాక్కుపోతాడు మరి. దూరం నుంచి వేసే త్రీపాయింటర్లు నూటికి 32.5 మాత్రమే పడ్డాయి. బలమైనవాడు నడుంతో ఆనుకుని నెడితే రింగుకి దూరంగా జరిగి, కష్టమైన చోటు నుంచి వేసేవాడు. రెండో ఏడాది త్రీపాయింటర్లు మ్యాచ్‌కి 8.8 దాకా వేశాడు. రింగు దగ్గర అంత ఎత్తు పెట్టుకుని అన్నిసార్లు బయటి నుంచి ఎందుకయ్యా అని టీవీ ముందు నేనే గరిటెతో కేకలేశాను.

కానీ ఈ జాబితా ఇంకోసారి చూడండి. ప్రతి ఒక్కటీ నేర్పగలిగినది, నేర్చుకోగలిగినది. నేర్చుకున్నాడు కూడా. రెండో ఏడాదికి బంతి పోగొట్టుకోవడం 3.2కి తగ్గింది. త్రీపాయింటర్లు నూటికి 35.2 అయ్యాయి. ఫ్రీ త్రోలు నూటికి 79.6 నుంచి 83.6కి పెరిగాయి. "ఒళ్ళు లేదు" అన్న మాటతో ఇందులో ఒక్కటైనా బాగుపడేదా?

పోనీ, ఒళ్ళుంటే సరిపోతుందా? మన దేశం సంగతే చూద్దాం. పంజాబ్‌లో బల్లోకే అనే పల్లె నుంచి వచ్చిన సత్నాం సింగ్ 7 అడుగుల 2 అంగుళాలు, 130 కిలోల దాకా ఉండేవాడు. పద్నాలుగేళ్ళకే ఫ్లోరిడాకి శిక్షణకి వెళ్ళాడు. 2015లో డల్లాస్ మావరిక్స్ 52వ ఎంపికగా తీసుకుంది. ఎన్‌బీఏకి ఎంపికైన మొదటి భారతీయుడు. భాష రాని ఊళ్ళో ఆ వయసులో అంత నెగ్గుకొచ్చిన పిల్లాడంటే నాకు గౌరవమే. కానీ రెండు సీజన్లు కింది స్థాయి లీగులో ఆడాడు తప్ప, ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం రాలేదు. అప్పటికే ఆట మారిపోయింది. అవతలి సెంటర్ బయటికొచ్చి దూరం నుంచి వేస్తాడు, అతని వెంట పరిగెత్తాలి, మళ్ళీ రింగు దగ్గరికి వెనక్కి రావాలి. దానికి చురుకైన కాళ్ళు కావాలి. సత్నాంకి కిలోలు తక్కువై ఆగిపోలేదు, అడుగుల వేగం చాలక ఆగిపోయాడు.

మా మరిది ఊరుకుంటాడా! "2025 ఫిబ్రవరిలో వెంబన్యామాకి భుజంలో రక్తం గడ్డకట్టి సీజన్ మధ్యలోనే ఆగిపోలేదా వదినా? 46 మ్యాచ్‌లే ఆడాడు. నేను చెప్పలా?" అన్నాడు. రక్తం గడ్డకట్టడానికీ, సన్నగా ఉండడానికీ ముడిపెట్టడానికి నువ్వేమైనా డాక్టరువా అని అడిగాను. ఎవరికి జబ్బు చేసినా "నేను ముందే చెప్పా" అనేవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మా ఇంట్లో ఆయన.

బలం అక్కర్లేదని నేననడం లేదు. కావాలి. కానీ అది ఎదిగే వయసులో, ఎదిగే తీరులో, వ్యాయామంతో రావాలి. వారంలో ఆరు ఇడ్లీలతో రాదు. ఇంకో సంగతి. వెంబన్యామా తల్లి బాస్కెట్‌బాల్ ఆడిన మనిషి, చిన్నపిల్లలకి కోచ్. పొడుగ్గా ఉన్నాడు కదా అని ఆ పిల్లాణ్ణి రింగు కింద గుంజలా పాతేసి ఊరుకోలేదు. బంతితో పరిగెత్తడం, దూరం నుంచి వేయడం, తోటివాళ్ళకి అందించడం, అన్నీ చిన్నప్పటి నుంచీ ఒంటబట్టాయి. ఎత్తు తల్లిదండ్రులు ఇచ్చిందే కావచ్చు, ఆట నేర్పితేనే వస్తుంది.

మొన్న శనివారం బడికి వెళ్ళి పీఈటీ సార్‌ని కలిశాను. "మా పిల్లకి ఏం రాదో చెప్పండి సార్, ఎంత బరువుందో కాదు" అన్నాను. ఆయన మంచివాడే. "ముప్పై మంది పిల్లలమ్మా, ఒక్కడినే. ఒక్కొక్కరికీ అంత రాయాలంటే ఎక్కడ కుదురుతుంది?" అన్నారు. అదీ నిజమే. కానీ తీరిక లేకపోతే ఏమీ రాయకుండా వదిలెయ్యొచ్చు. కంటికి కనబడిన ఒంటిని కొలిచి అదే ఆట అని రాసేస్తే ఎలా? మగపిల్లాడైతే నెయ్యేసి పెట్టండి అని నవ్వేసి వదిలేస్తారు. ఆడపిల్ల ఒంటి గురించి ఒక్క మాట రాస్తే అది అద్దం ముందు నిలబడ్డ ప్రతిసారీ చదువుకుంటుంది.

ఆయనతో కూర్చుని పావుగంటలో ఆ కాగితం వెనకవైపు ఇద్దరం కలిసి రాశాం. "రీబౌండ్ బాగా పడుతుంది. పట్టాక బంతిని నడుం దాకా దించేస్తుంది, పొట్టిపిల్లలు లాగేసుకుంటున్నారు. ఎడమచేత్తో వేయదు. అవతలి పిల్ల దూరం నుంచి వేస్తుంటే బయటికి రావడానికి బద్ధకిస్తుంది. బ్లాక్ చేసే సమయం చక్కగా తెలుసు." ఎంత సేపు పట్టిందంటారు? పావుగంటే.

ఇంటికొచ్చి మా పిల్ల చేతిలో పెట్టాను. రెండుసార్లు చదువుకుంది. మొహం కాస్త మాడ్చుకుంది కూడా, బద్ధకం అన్నందుకు. "అమ్మా, ఎడమచెయ్యి సంగతి నిజమే" అంది. సోమవారం అయిదున్నరకి అలారం మోగకముందే లేచింది. ఇడ్లీలు మూడే తింది. బరువు చూసే మిషన్ అటక మీద పెట్టించేశాను.

మీ పిల్లల గురించి కూడా ఎవరో ఒకరు ఇలాంటి కాగితం రాసే ఉంటారు. బడిలో కాకపోతే పెళ్ళిలో, పెళ్ళిలో కాకపోతే మేడ మీద బట్టలారేస్తూ. ఒక్కసారి దాని వెనకవైపు మీరు రాయండి. వాళ్ళకి ఏం వచ్చో, ఏం నేర్పాలో అదే రాయండి. ఒళ్ళు సంగతి వదిలెయ్యండి.