పల్పిట్ ఎవరి తాత సొత్తు?

ఒంగోలు క్రైస్తవం దొరలు పెట్టిన భిక్ష అంటే నేనొప్పుకోను. దొర వచ్చాడు, నిజమే. కానీ 1866లో బాప్తిస్మం తీసుకున్న యెర్రగుంట్ల పేరయ్య మా మాదిగాయన, తోళ్ళ బేరగాడు. తోళ్ళ కోసం ఊళ్ళు తిరిగిన కాళ్ళతోనే వాక్యం మోశాడు. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలవ పని కాంట్రాక్టు పట్టి మావాళ్ళకి కూలి చూపించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది మునిగారు. వాళ్ళని ముంచిన చేతులు మా బోధకులవి, ఇద్దరిద్దరుగా నీళ్ళలో దిగి నిలబడ్డవి.

చరిత్ర పాఠం రోజూ బళ్ళో చెప్తూనే ఉన్నా. ఇక్కడ రాసేది లెక్క అడగటానికి.

మా పల్లె గుడికి మా నాయన రాళ్ళు మోశాడు. మా అమ్మ ఎసట్లో పొయ్యబోయే బియ్యంలోంచి పూటపూటా ఒక పిడికెడు తీసి విడిగా కుండలో ఏసేది. మేం గంజి తాగిన రోజున కూడా ఆ పిడికెడు తప్పలేదు. ఆ పిడికిళ్ళతోటి, పొగాకు గ్రేడింగుకి పోయిన ఆడోళ్ళ కూలి డబ్బులతోటి లేచిన గుడి అది. స్థలం మాత్రం అయ్యగారి పేరున రాయించారు. ఎందుకంటే దైవజనుడంటే నమ్మకం. అయ్యగారు పోయాడు, కొడుకు అయ్యగారయ్యాడు. సంఘాన్ని అడిగినోడు లేడు. కరణీకాలు, మునసబీలు తండ్రి నుంచి కొడుక్కి పోతన్నాయని ప్రభుత్వం 1984లో వాటిని రద్దు చేసింది. మా గుళ్ళో కొత్త మునసబు పుట్టాడు.

సంఘం మీటింగులో, జమాఖర్చులు రాసి గోడకంటించండి అన్నాను. బళ్ళో మధ్యాహ్న భోజనం బియ్యానికి నేను ప్రతిరోజూ లెక్క రాస్తాను, మా అమ్మ పిడికెడుకి లెక్క ఉండదా?

"అభిషిక్తుడి మీద నోరెత్తితే శాపం తగుల్తుంది మేష్టారూ!"

పై ఆదివారం ప్రసంగమంతా నా మీదే, పేరొక్కటి ఎత్తలేదు. మా అమ్మ హడలిపోయింది. "ఎందుకురా నాయనా ఆయనతో, ఆయన ప్రార్థన చేస్తేనే గదా నీకు ఉద్యోగమొచ్చింది" అంది. ఉద్యోగం వచ్చింది డీఎస్సీ రాస్తే, అంబేద్కర్ ఇప్పించిన హక్కుతో. ఆ పేరు మా పల్పిట్ మీద ఒక్కసారన్నా వినపడలేదు.

ఎందుకు వినపడదు? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఎత్తాల్సొస్తుంది గనక. దళితుడు సిక్కయితే ఎస్సీగానే ఉంటాడని 1956లో, బౌద్ధుడైనా ఉంటాడని 1990లో సవరించారు. క్రీస్తు దగ్గరికి, అల్లా దగ్గరికి పోయినోడికి తలుపు మూసే ఉంది. మన రాష్ట్రం బీసీ-సీ అని ఒక్క శాతం చేతిలో పెట్టింది. అందుకే మా ఇళ్ళల్లో బడి రికార్డుకి ఒక పేరు, గుడి రిజిస్టరుకి ఒక పేరు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవుడైనోడికి అట్రాసిటీ చట్టం వర్తించదు పొమ్మంది. కులం పేరుతో తిట్టి కొట్టారని ఆ కేసు పెట్టింది ఎవరనుకున్నారు? ఒక పాస్టరే! ఆ వారం మా గుళ్ళో ప్రసంగం కార్లూ బంగళాలూ ఇచ్చే ఆశీర్వాదం గురించి. క్రీస్తులో కులం లేదట. ఆ మాట చెప్పే నోళ్ళే పెళ్ళి సంబంధాల దగ్గర మాలా మాదిగా అని ముందే అడుగుతున్నయ్.

ఇక ఆడోళ్ళు. ఉపవాస కూటాలు నడిపేది వాళ్ళు, రోగుల దగ్గర రాత్రిళ్ళు మేలుకునేది వాళ్ళు. సి.ఎస్.ఐ. 2013లో నంద్యాలకి పుష్పలలితమ్మని బిషప్పుని చేసింది. మా అయ్యగారు మాత్రం ఆడదాన్ని మైకు ముట్టనీయడు, చాపలు పరవమంటాడు.

వచ్చే మీటింగులో మళ్ళీ లేస్తా. స్థలం సంఘం పేరుకి మారాలి. లెక్కలు గోడకెక్కాలి. అయ్యగారిని సంఘం ఎన్నుకోవాలి, ఓటు ఆడోళ్ళకీ ఉండాలి. శాపాల సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ పట్టా బయటికి తియ్యండి.