బిడ్డకు ఏడేళ్లు వచ్చినప్పుడు

పిల్లల్ని కంటే మన చిన్నతనం మళ్లీ వస్తుందని పెద్దలు ముచ్చటగా అంటారు. నిజమే. బిడ్డకు లాలపోస్తుంటే మనకు లాలపోసిన చేతులు గుర్తుకొస్తాయి. ఎన్నడో మరిచిన పాట నోటికొస్తుంది. కాని చిన్నతనం పాటల్ని మాత్రమే వెంటబెట్టుకుని రాదు. అడుగున పడివున్న భయాలు కూడా దానితోనే లేచి వస్తాయి. ఈ సంగతి సాధారణంగా ఎవరూ చెప్పుకోరు. అందుకే ఈ వారం దాన్ని గురించి మాట్లాడుకుందాం.

మాది బాల్కొండ, నిజామాబాదు జిల్లాలో పసుపు పండే ఊరు. వానాకాలం మొదట్లో పెట్టిన పసుపు సంక్రాంతి దాటాక తవ్వకానికి వస్తుంది. తవ్విన కొమ్ముల్ని ఉడకబెట్టి, పది పదిహేను రోజులు ఎండబెడతారు. ఆ రోజుల్లో ఊరంతా ఒకటే వాసన. బ్రతుకుతెరువుకు గల్ఫ్ దేశాలకు పోవడం మా వైపు మామూలు. మా నాయన కూడా దుబాయిలో ఉండేవాడు. ఇంటి పెత్తనం దగ్గరి బంధువు ఒకాయనది. నాకు ఏడేళ్లప్పుడు, పాలు ఒలికినా, పలక పగిలినా, ఆయన నన్ను పసుపు బస్తాలుండే చీకటి అర్రలో పెట్టి బయట గొళ్లెం వేసేవాడు. ఒకనాడు పొద్దుగూకేదాకా తీయలేదు. ఏడిస్తే ఇంకాసేపు ఉంచుతాడని తెలిసి, మోకాళ్లలో తలపెట్టుకుని ఊరకే కూర్చునేదాన్ని.

తర్వాత చదువుకున్నాను, పెళ్లయింది. ఆ సంగతి నలుగురిలో నవ్వుతూ చెప్పేదాన్ని కూడా. "పసుపు బస్తాల్లో నేనూ ఒక బస్తాని" అనేదాన్ని. మా పాప పుట్టాక ఆరేళ్లు ఏ బాధా లేదు. దానికి ఏడో యేడు వచ్చింది. ఒకనాడు ఆటలో గదిలోకి పోయి గడియ వేసుకుంది. ఆ చప్పుడుకు నాకు చెమటలు పట్టాయి, కాళ్లు చల్లబడ్డాయి, ఊపిరాడలేదు. లోపల అది బొమ్మతో కబుర్లు చెప్పుకుంటూనే ఉంది! మాఘమాసంలో పుట్టింటికి పోతే, ఉడికే పసుపు వాసనకు మళ్లీ అదే. రాత్రిళ్లు నిద్రపట్టక పాప ఊపిరి వింటూ కూర్చునేదాన్ని. మావారు గుండె డాక్టరుకు చూపించారు. గుండెలో ఏ దోషమూ లేదన్నారు.

ఏడేళ్ల పిల్ల ఎంత చిన్నదో పాపను చూసేదాకా నాకు తెలియలేదు. పాలపళ్లు ఊడుతున్నాయి, జడ వేసుకోవడం రాదు. దీన్నెవరైనా చీకట్లో పెట్టి గొళ్లెం వేస్తారా అనుకున్నాను. అప్పుడు నేనూ ఇంతేగదా!

ఇది నా ఒక్కదాని విడ్డూరం కాదని తర్వాత తెలిసింది. అమెరికాలో సెల్మా ఫ్రైబర్గ్ అనే ఆమె, ఇద్దరు సహచరులతో కలిసి 1975లో దీని మీద ఒక వ్యాసం రాసింది. తలిదండ్రుల పాత భయాలకు ఆమె పెట్టిన పేరు 'పసివాళ్ల గదిలో దయ్యాలు'. ఆమె గమనించిన విషయం వినదగ్గది. చిన్నప్పుడు బాధపడిన వాళ్లందరూ తమ పిల్లల్ని బాధపెట్టరు. జరిగింది గుర్తుండి, అప్పటి ఏడుపును మరిచినవాళ్లే ఎక్కువగా ఆ దారిన పోతారు. ఆనాటి భయాన్నీ నొప్పినీ గుర్తుతెచ్చుకోగలిగినవాళ్లు తమ బిడ్డను దాన్నుంచి కాపాడుకుంటారు. అంటే నన్ను పట్టి కుదిపిన ఆ చెమటా, ఆ వణుకూ నాకు శత్రువులు కావన్నమాట. వాసన విషయం కూడా అంతే. మెదడులో భయానికీ జ్ఞాపకానికీ సంబంధించిన చోట్లకు వాసన చాలా దగ్గరిదారిన చేరుతుంది.

మన దేశంలో ఇటువంటి జ్ఞాపకాలు ఎందరికుంటాయి? కేంద్ర ప్రభుత్వపు మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ఒక నివేదిక ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగితే, ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలో మరో హింసో అనుభవించినవారే. "మేం తన్నులు తినే బాగుపడ్డాం" అనేవారు ఆ అంకె చూడాలి. 2009నాటి విద్యాహక్కు చట్టం బళ్లలో పిల్లల్ని కొట్టడాన్నీ, మనసు నొప్పించడాన్నీ నిషేధించింది. బడిలో కూడనిది ఇంట్లో ఎలా కూడుతుంది?

ఇక చేయదగిన పనులు. భయం ఎప్పుడు మొదలైందో, అప్పటికి బిడ్డ వయసెంతో చూసుకోండి. చాలాసార్లు మనకు దెబ్బ తగిలిన వయసుకు బిడ్డ రాగానే అది లేస్తుంది. నమ్మకమైన ఒకరికి, జరిగిన కథే కాక, అప్పుడు ఎలా అనిపించిందో కూడా చెప్పండి. బిడ్డకు అంత వివరం అక్కర్లేదు. "అమ్మకు ఆ చప్పుడంటే భయం, నీ తప్పేం లేదు" అంటే చాలు. వారాల తరబడి నిద్ర లేకపోతే మనసుకు వైద్యం చేసే డాక్టరును చూడండి. ఇల్లు కదలలేనివారు 14416కు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ టెలి మానస్‌లో తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

నేను మొదట మా అమ్మకే చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "గా గొళ్లెం చప్పుడు నాగ్గూడ ఇనొస్తది బిడ్డా. నాయినకు రాద్దామంటే నాకు అచ్చరం రాకపాయె" అంది. ఆ రాత్రి ఇద్దరం ఏడ్చాం. భయం ఆనాటితో పోలేదు గాని, దాన్ని ఒక్కదాన్నే మోయనక్కరలేదని తెలిసింది.

అందుకని అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఒక మనవి. బాలింతరాలైనా, పెద్దపిల్లల తల్లి అయినా, మీ కూతురో కోడలో పాత సంగతి ఎత్తితే "పోనీలే, ఎప్పటిదో" అనకండి. చేతిలోని పని పక్కన పెట్టి, దగ్గర కూర్చుని వినండి.