తొక్కుడుబిళ్ల ఆడిన కాళ్లే కదా!

"నువ్వు కూర్చోమ్మా, నేను చూసుకుంటాగా!" ఈ మాట మా ఇంట్లో రోజుకి పదిసార్లయినా వినపడేది. అనేది నేనే. అమ్మ కూచిపూడి దగ్గర పల్లెటూళ్లో అరవై అయిదేళ్లు వచ్చేదాకా పొలం గట్ల మీద అన్నం క్యారేజీ పట్టుకుని నడిచిన మనిషి. జానెడు గట్టు, అటూ ఇటూ బురద. అయినా ఏనాడూ కాలు జారలేదు. నాన్న పోయాక విజయవాడ తెచ్చుకున్నాం. అపార్ట్‌మెంటులో వాకిలి లేదు కనుక ముగ్గు లేదు. పీట పోయి డైనింగు టేబులు వచ్చింది. బట్టలు మిషను ఉతుకుతుంది. మూడేళ్లు మహారాణిలా చూసుకున్నామని మురిసిపోతుంటే, ఒక తెల్లవారుజామున బాత్‌రూం గడప దగ్గర తూలి పడింది. తుంటి ఎముక విరిగింది.

అందరూ టైల్సుని తిట్టారు. టైల్సు తప్పు లేదనను గానీ, అసలు తప్పు నేను వేసిన కుర్చీదే అంటాను.

మనం పడకుండా నిలబడాలంటే కళ్లు, లోపలి చెవి, అరికాళ్లు, కీళ్లు పంపే కబుర్లన్నీ మెదడు కలిపి చూసుకోవాలి. కండరాలు వెంటనే అందుకోవాలి. వయసుతో ఇదంతా కాస్త మందగిస్తుంది. షుగరు ఏళ్ల తరబడి ఉంటే అరికాళ్లలో స్పర్శ కూడా తగ్గొచ్చు. కాళ్లకి పని లేకపోతే ఉన్న నిలకడ ఇంకా త్వరగా పోతుంది. సాధన చేస్తే ఎంతో కొంత తిరిగొస్తుంది. కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడేవాళ్లు పుట్టుకతోనే అలా ఆడలేదు కదా!

బ్రెజిల్‌లో 51 నుంచి 75 ఏళ్ల వయసున్న 1,702 మందిని ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడమన్నారు. 2022లో వచ్చిన ఫలితాల ప్రకారం అయిదుగురిలో ఒకరు నిలబడలేకపోయారు. తర్వాత సుమారు ఏడేళ్లలో ఆ నిలబడలేనివాళ్లలోనే మరణాలు ఎక్కువ కనిపించాయి. కాలు ఆగనందుకే పోయారని కాదు, వాళ్లకి ఇతర జబ్బులూ ఎక్కువే. ఒంట్లో బాగోగులకి అదొక ఆనవాలు, అంతే.

అది చదివి నేనూ నిలబడి చూశాను. నాకు యాభై రెండు. కుడికాలు పది దాకా ఆగింది. ఎడమకాలు నాలుగు అనేసరికి వంటగట్టు పట్టుకున్నాను. వీధంతా తొక్కుడుబిళ్ల గెంతిన కాళ్లివి! సిగ్గేసింది. అందుకే చెబుతున్నా, ఈ పరీక్ష పెద్దవాళ్లకంటే ముందు నలభై, యాభైల్లో ఉన్న మనకి కావాలి.

చెప్పుల్లేకుండా, వంటగట్టు చేతికందేలా నిలబడండి. పెద్దవాళ్లయితే పక్కన మనిషి ఉండాలి. కళ్లు మూసుకుని ప్రయోగాలొద్దు. పప్పు ఉడికేలోగా ఒక్కో కాలు మీద మూడుసార్లు. తర్వాత పొలం గట్టు మీద నడిచినట్టు మడమకి వేళ్లు ఆనిస్తూ గోడవారగా నడక. చేతులు ఊనకుండా కుర్చీలోంచి లేవడం. రెండ్రోజులకే ఫలితం కనపడదు, వారాలు పడుతుంది. తల తిరుగుతున్నా, ఈమధ్య ఒకసారి పడినా, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు బీపీ మాత్రలు, నిద్రమాత్రలు అన్నీ సంచీలో వేసుకెళ్లి చూపించండి. కొన్ని మాత్రలు లేచి నిలబడగానే తూలేలా చేస్తాయి. ఈ సంగతి మాకు అమ్మ పడ్డాకగానీ తెలీలేదు.

ఇంకోమాట. కార్తీకమాసంలో దుర్గాఘాట్‌లో తడిమెట్ల మీద దీపం పట్టుకుని దిగే ముసలమ్మలని చూస్తే నా గుండె ఝల్లుమంటుంది. కానీ వాళ్లని ఇంట్లో కూర్చోబెట్టమని మాత్రం అనను. చెయ్యి పట్టుకుని దింపుదాం.

అమ్మకి ఆపరేషనయ్యాక ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది. ఇప్పుడు గట్టు మీద ఒక వేలు ఆనించి నిలబడుతుంది. మొన్న ఏడు అంకెల దాకా వచ్చింది. కూరలు తనే తరుగుతానంటోంది, నిలబడే. "నువ్వు కాసేపు కూర్చోవే అమ్మాయ్" అంటోంది నన్ను.