ఒక ఏడాది బడికివ్వండి

పదవ తరగతి పరీక్షలు ముగిశాయి. డిగ్రీ పిల్లల చివరి సెమిస్టరు కూడా దాదాపు పూర్తి కావచ్చింది. ఈ వేసవిలో మన ఇళ్లలో సాగే చర్చలు ఎరిగినవే: పెద్దవాడికి గల్ఫ్ వీసా, అమ్మాయికి సంబంధం, చిన్నవాడికి కోచింగు. ఈ చర్చల మధ్య మేము మరో ప్రతిపాదన పెట్టదలచాము. డిగ్రీ పూర్తయిన మన అబ్బాయిలు, అమ్మాయిలు ఉద్యోగ వేటకు ముందు ఒక పూర్తి విద్యా సంవత్సరాన్ని తమ మొహల్లాలోని ప్రభుత్వ పాఠశాలకు ఇవ్వాలి. ఒక రోజు కాదు, ఒక వారం కాదు. బడి తెరిచిన నాటి నుంచి మూసే వరకు.

గత నెలలో ఒక యువతి మా కార్యాలయానికి వచ్చారు. నిజామాబాద్ జిల్లాలో ఒక పట్టణం వారిది. బీఎస్సీ ముగించి, బీఈడీలో చేరేలోగా, ఇంటి దగ్గరి ఉర్దూ మాధ్యమ ప్రాథమికోన్నత పాఠశాలలో ఒక ఏడాది జీతం లేకుండా పనిచేశారు. పిల్లలు ఆమెను ఆపా అని పిలిచేవారట. ఆ ఏడాది పొడవునా తాను రాసుకున్న నోటు పుస్తకాన్ని మా ముందు పెట్టారు. ఆమె ప్రచారం కోరలేదు, పేరు వేయవద్దన్నారు. ఆ పుస్తకం చదివాకే ఈ సంపాదకీయం రాయాలనిపించింది.

మొదటి నెల పేజీల్లో పాఠాల ప్రస్తావనే లేదు. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్న జాబితాలే. అయిదో తరగతిలో ఒక బాలుడు శుక్రవారం జుమా నమాజుకు వెళ్లి మళ్లీ బడికి రాడు, శనివారమూ రాడు. ఉపాధ్యాయుడు హాజరు పట్టీలో సున్నా చుట్టి ఊరుకుంటాడు. ఆపా వాళ్ల ఇంటికి వెళ్తే తెలిసింది, ఆ రెండు రోజులూ మామ పంక్చర్ దుకాణంలో పని. ఆరో తరగతి అమ్మాయి వారానికి మూడు రోజులే కనిపిస్తుంది. వాళ్ల అమ్మీ చేట ముందు కూర్చుని బీడీలు చుడుతుంది, నానిన తునికాకును కత్తిరించి ఇచ్చే పని ఈ పిల్లది. కూతురు బడికి వెళ్లిన రోజు తల్లి వెయ్యి బీడీలు పూర్తి చేయలేదు. బడి ఎంత విలువైనదో ఆ తల్లికి తెలియక కాదు. ఆ విలువకు ఎవరు మూల్యం చెల్లించాలన్నదే ఆ ఇంటి ప్రశ్న.

బడి మానేసిన పిల్లల గురించి మనం సభల్లో ఎన్నో ఏళ్లుగా మాట్లాడుతున్నాము. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది అసలు బడిలో చేరనివారో, చేరి మానేసినవారో అని సచార్ కమిటీ 2006 నవంబరులో సమర్పించిన నివేదిక చెప్పింది. ఆ అంకెను ఉటంకించని ముస్లిం సభ ఉండదు. కానీ ఆ పాతిక మందిలో ఒకరి ఇంటి గడప తొక్కి, శుక్రవారం నాడు ఏమవుతోందని అడిగినవారు మనలో ఎందరు?

రెండో నెలలో ఆమె పిల్లల చేత చదివించడం మొదలుపెట్టారు. అయిదో తరగతిలో కొందరికి రెండో తరగతి పుస్తకం చదవడం రాదు. ఇది ఒక్క మన బడుల జబ్బు కాదు. అసర్ సర్వేలు గ్రామీణ భారతమంతటా దాదాపు సగం మంది పిల్లల స్థితి ఇదేనని 2005 నుంచి చూపుతూనే ఉన్నాయి. అయితే ఉర్దూ మాధ్యమంలో దీనికి మరో ముడి ఉంది. పిల్లవాడు ఇంట్లో మాట్లాడేది దక్కనీ. ‘మేరెకు నక్కో’ అంటాడు. పుస్తకంలో ఉన్నది లక్నో, దిల్లీ ఉర్దూ. నోరు తెరిచిన మొదటి రోజే ‘అలా అనకూడదు, తప్పు’ అన్న మాట వినిపిస్తే వాడు మళ్లీ నోరు తెరవడు. ఆపా చేసిన పని చిన్నదే. పిల్లలు చెప్పిన మాటను చెప్పినట్టే నల్లబల్ల మీద రాసి, పక్కనే పుస్తకంలోని మాట రాసేవారు. రెండూ మనవేనని చెప్పేవారు. పొద్దున అరగంట, తరగతితో సంబంధం లేకుండా, చదవగలిగే స్థాయిని బట్టి గుంపులు చేసి కూర్చోబెట్టేవారు. డిసెంబరు నాటి పేజీలో ఒక వాక్యం ఉంది: పంక్చర్ దుకాణం పిల్లవాడు దుకాణం బోర్డు తనంతట తానే చదివాడని.

ఒక బడిలో ఒక ఏడాది జరిగిన పని ఇది. దీన్ని చూసి సమస్య తీరిపోయిందని మేము అనడం లేదు. ఆ అమ్మాయి కూడా అనలేదు. పుస్తకంలో సగానికి పైగా పేజీలు ఓటముల చిట్టాయే. బీడీల ఇంటి పిల్ల ఏడో తరగతి తర్వాత చదువు ఆపేస్తుందని ఆమెకు ఇప్పటికీ భయం, ఎందుకంటే ఆ పట్టణంలో ఉర్దూ ఉన్నత పాఠశాల ఊరి అవతల ఉంది.

ఆ పుస్తకంలో మమ్మల్ని ఎక్కువసేపు ఆపినవి చదువుకు సంబంధించిన పేజీలు కావు, కాగితాలకు సంబంధించినవి. ఒకే పిల్లవాడి పేరు ఆధార్‌లో ‘ఎండీ’, జనన ధృవపత్రంలో ‘మొహమ్మద్’, బడి రిజిస్టరులో ‘మహమ్మద్’. ఒక పిల్ల ఇంటిపేరు ఒకచోట షేక్, మరోచోట షైక్. మూడు కాగితాల్లో మూడు రూపాలుంటే ఉపకారవేతనం దరఖాస్తును కంప్యూటరు తిప్పికొడుతుంది. తండ్రి ఆటో ఆపుకుని మీసేవకు తిరుగుతాడు, రెండు రోజుల సంపాదన పోతుంది, మూడో రోజు విసిగి వదిలేస్తాడు. ఈ పని ఏ ఉపాధ్యాయుడి విధుల జాబితాలోనూ లేదు. ఇంగ్లీషు చదవగలిగిన, పోర్టల్ తెరవగలిగిన ఒక పట్టభద్రురాలు చేయగలిగిన పని. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే విద్యా సహాయం ఒకటుంది. అది ఒకటో తరగతి నుంచే వర్తిస్తుంది. ఆ వీధిలో చాలామంది తల్లులకు ఆ సంగతి తెలియదు, తెలిసినవారి దగ్గర గుర్తింపు కార్డు లేదు. 2022–23 నుంచి మైనారిటీ ప్రీ మెట్రిక్ ఉపకారవేతనాన్ని కేంద్రం ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వారికి నిలిపివేసి, తొమ్మిది, పదులకే పరిమితం చేసిన సంగతి మన పాఠకులకు తెలిసిందే. మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును ఆపింది కూడా అప్పుడే. ఆ నిర్ణయాలపై పోరాటం ఒక పక్క సాగాలి. మిగిలి ఉన్న హక్కు పిల్లవాడి చేతికి అందుతున్నదా అన్న విచారణ మరో పక్క సాగాలి. రెండోది చేసేవారు లేరు.

బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీల వృత్తాంతం మన పిల్లలకు కూడా తెలుసు. విమోచన ధనం చెల్లించలేని, చదువు వచ్చిన ఖైదీలు ఒక్కొక్కరు మదీనా పిల్లలు పదేసి మందికి రాత నేర్పితే విడుదల అని దైవప్రవక్త (స) షరతు పెట్టారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. విద్య ప్రాధాన్యాన్ని చెప్పడానికి ఖతీబులు ఈ ఘట్టాన్ని తరచు ఎత్తుకుంటారు. అందులో మరో అంశం గమనించదగినది. అక్కడ లెక్క గంటలు కాదు, పాఠాలు కాదు. పిల్లలకు వచ్చిందా లేదా అన్నదే. పిల్లలు నేర్చుకున్న నాడే ఖైదీ విడుదల. మన సేవా కార్యక్రమాల్లో తరచు తప్పిపోతున్నది ఈ కొలమానమే.

మొహమాటం లేకుండా చెప్పుకుందాం. జూన్‌లో మన సంఘాలు బడికి వెళ్తాయి. నోటు పుస్తకాలు, సంచులు పంచుతాయి. పిల్లల్ని వరుసగా నిలబెట్టి ఫోటో తీస్తాయి. పిల్ల చేతిలోని సంచి కన్నా వెనకనున్న ఫ్లెక్సీ పెద్దది. మళ్లీ జూన్ వరకు ఆ బడి ఎలా ఉందో చూసినవారు లేరు. కళాశాలల్లో జాతీయ సేవా పథకం కింద రెండేళ్లలో 240 గంటలు పూర్తి చేసిన మన పిల్లలు వేలల్లో ఉంటారు. వారిలో ఎక్కువమంది చేసింది మొక్కలు నాటడం, ర్యాలీలో నడవడం. అవి చెడ్డ పనులని అనము. అయితే పుస్తకం పంచినవాడికి ఆ పుస్తకం చదవలేని పిల్లవాడు కనిపించడు. వాడు కనిపించాలంటే జూలై, ఆగస్టుల్లో కూడా అక్కడే ఉండాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. స్వచ్ఛంద సేవ ఉపాధ్యాయ నియామకానికి ప్రత్యామ్నాయం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో విద్యా వాలంటీర్ల పేరిట చదువుకున్న నిరుద్యోగులను గౌరవ వేతనంతో నింపి, శాశ్వత ఖాళీలను ఏళ్ల తరబడి లాగిన చరిత్ర మనకు గుర్తుంది. జీతం లేకుండా పనిచేసేవారు దొరికితే ప్రభుత్వానికి మరీ సుఖం. విద్యా హక్కు చట్టం, 2009లోని 26వ సెక్షను ప్రకారం ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయ ఖాళీలు మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకూడదు. ఉర్దూ మాధ్యమ పాఠశాలల్లో ఈ నిబంధన ఎక్కడ అమలవుతోందో చూపమని అధికారులను అడగాల్సింది మనమే. రోస్టరు ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన ఉర్దూ పోస్టులు, ఉర్దూ చదివిన అభ్యర్థులు ఆ వర్గాల్లో దొరకక, డీఎస్సీ తర్వాత డీఎస్సీలో మిగిలిపోతున్నాయి. ఇది దళిత, గిరిజన సోదరుల రిజర్వేషన్ మీద ఫిర్యాదు కాదు. వారి వాటాను ఇతర మాధ్యమాల్లో అంతే సంఖ్యలో వారికిచ్చి, ఉర్దూ పోస్టులను ఉర్దూ వచ్చినవారితో నింపమని అడుగుతున్నాము. ఇందులో ఎవరికీ నష్టం లేదు. అయినా ఫైలు కదలదు.

కనుక బడికి వెళ్లే యువకుడు ఖాళీ కుర్చీలో కూర్చోకూడదు, ఆ కుర్చీ ఖాళీగా ఉందని రాసుకోవాలి. ఆ నిజామాబాద్ అమ్మాయి ప్రధానోపాధ్యాయుడు కోరినా గణితం తరగతి పూర్తిగా తీసుకోవడానికి ఒప్పుకోలేదు. సహాయపడ్డారు, పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో గణితం ఉపాధ్యాయుడు కావాలన్న తీర్మానం రాయించారు. చట్టం ప్రకారం ఆ కమిటీలో మూడు వంతులు తల్లిదండ్రులే, సభ్యుల్లో సగం మంది స్త్రీలు. బురఖాలో వచ్చి వేలిముద్ర వేసి వెళ్లే తల్లులు ఆ రోజు మొదటిసారి కూర్చుని మాట్లాడారట. ఉపాధ్యాయుడు ఇంకా రాలేదు. తీర్మానం మాత్రం జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయంలో ఉంది.

ఉర్దూ బడులకే వెళ్లాలని కూడా మేము అనడం లేదు. గుంటూరు, ప్రకాశం వైపు ఇంట్లోనే తెలుగు మాట్లాడే నూర్‌బాషా పిల్లలు, వారితోపాటు మన పిల్లల్లో అత్యధికులు సాధారణ ప్రభుత్వ బడుల్లోనే ఉన్నారు. అదే బెంచీ మీద మాదిగ పిల్లవాడు, చాకలి పిల్ల కూర్చుంటారు. మన వలంటీరు వారిని దాటి మన పిల్లవాడినే పిలిస్తే ఆ సేవకు అర్థం ఉండదు.

తల్లిదండ్రుల అభ్యంతరాలు మాకు తెలుసు. ‘ఒక ఏడాది వృథా’ అంటారు. డిగ్రీ తర్వాత ఒక్క నోటిఫికేషన్ కోసం మూడేళ్లు గదిలో కూర్చున్న కుర్రాళ్లు మన వీధుల్లో లేరా? ఆర్థిక భారం మాట నిజమే. బస్సు చార్జీ, మధ్యాహ్న భోజనం, ఫోన్ ఖర్చు ఒక వలంటీరుకు నెలకు పెద్ద మొత్తం కాదు. మసీదు కమిటీ సదఖా నుంచి భరించవచ్చు. జకాత్ సొమ్ము ఇందుకు వాడవచ్చునా అన్నది ఉలమా తేల్చాలి, మేము తీర్పు చెప్పబోము. ఆడపిల్లల విషయంలో భద్రత గురించిన ఆందోళన న్యాయమైనదే. అలాగే బడిలోని పిల్లల భద్రత కూడా. ప్రధానోపాధ్యాయుని లిఖిత అనుమతి, యాజమాన్య కమిటీ ఆమోదం లేకుండా ఎవరూ బడిలో అడుగుపెట్టకూడదు. ఏ పిల్లనూ, పిల్లవాడినీ మూసిన గదిలో ఒంటరిగా కలవకూడదు, ఇళ్లకు ఒక్కరే వెళ్లకూడదు. పిల్లల ఫోటోలు ఎక్కడా పెట్టకూడదు.

బడులు జూన్ రెండో వారంలో తెరుచుకుంటాయి. వలంటీరును పంపదలచిన కుటుంబాలు, సంఘాలు మే నెలలోనే బడి వారితో మాట్లాడుకోవాలి. జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తు ఒకటి 10 రూపాయల రుసుముతో వేయండి: జిల్లాలోని ఒక్కో ఉర్దూ మాధ్యమ పాఠశాలకు మంజూరైన పోస్టులెన్ని, పనిచేస్తున్నవారెందరు, ఖాళీలు ఏ తేదీ నుంచి. 30 రోజుల్లో జవాబు రావాలి. వచ్చిన జవాబుల నకళ్లు మాకు పంపండి, జిల్లాల వారీగా ప్రచురిస్తాము. రాకపోతే అప్పీలు ఎలా వేయాలో వచ్చే సంచికలో వివరిస్తాము.