పేరు, ఊరు, తేదీ

తమిళనాడులోని పళ్ళికొండలో తెలుగు వినిపిస్తుంది గానీ కనిపించదు. పాలారు ఒడ్డున ఉత్తర రంగనాథస్వామి గుడి వీధుల్లో, గుడియాత్తం సంతలో, వేలూరు సీఎంసీ ఆసుపత్రి వరండాల్లో మన మాట చెవిన పడుతూనే ఉంటుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఈ ఊళ్లు ఉత్తర ఆర్కాటులోనే ఉండిపోయాయి. 1956లో భాషారాష్ట్రాలు వచ్చాక బడిలో తెలుగు తగ్గుతూ పోయింది. 2006లో బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. తమిళం రావాలి, అందులో తగువు లేదు. ఇంటి భాషకు అక్షరం దూరమవుతోందనేదే బాధ.

మా ఇంట్లో ఆ అక్షరం మా నాయన వల్ల నిలిచింది. ఆయన గుడియాత్తంలో ఒక లుంగీల వ్యాపారి దగ్గర లెక్కలు రాసేవాడు. సాయంత్రం పళ్ళికొండలో మా అరుగు మీద కూర్చుని ఊళ్లోవాళ్లకు జాబులు, అర్జీలు రాసిపెట్టేవాడు. అడిగినవాళ్లకు తెలుగులో, కచేరీకి పోయేవి తమిళంలో. పైసా పుచ్చుకునేవాడు కాదు.

ఒక అవ్వ పింఛను అర్జీ నాకు బాగా గుర్తు. ‘‘చానా నాళ్లుగా రాలేదు, రాయి అబ్బోడా’’ అంది. ‘‘చానా అంటే ఎన్నాళ్లవ్వా? గంగమ్మ సిరసుకు ముందు నిలిచిందా, తర్వాతా?’’ అన్నాడు నాయన. గుడియాత్తంలో గంగమ్మ సిరసు జాతర తమిళ వైకాశి నెలలో జరుగుతుంది. అవ్వ కాసేపు ఆలోచించి, సిరసుకు కట్టుకున్న చీర ఆ పింఛను డబ్బులతోనే కొన్నానంది. దాన్నిబట్టి నెల తేల్చి కాగితం మీద పెట్టాడు. రాసిందంతా పైకి చదివి వినిపించాడు. ‘‘నేను ఏడ్చినానని రాయొద్దు’’ అందామె. ఆ మాట కొట్టేశాడు. ఆమె సరేనన్నాకే వేలిముద్ర వేయించాడు.

విలేకరిగా నాకు తర్వాత ఎవరు ఏం నేర్పినా దాన్ని మించి నేర్పలేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అని అడగడం, చెప్పినవాళ్లకు చదివి వినిపించడం, వాళ్లు వద్దన్న కన్నీళ్లను మన వాక్యం అందం కోసం అమ్ముకోకపోవడం.

గుత్తి కేశవపిళ్లె పేరు మొదట విన్నది కూడా నాయన నోటే. 1885లో బొంబాయిలో జరిగిన తొలి కాంగ్రెస్‌కు వెళ్లినవారిలో ఒకరాయన, గుత్తి నుంచి ‘హిందూ’ పత్రికకు రాసేవారు. 1893లో గుంతకల్లు దగ్గర తెల్ల సోల్జర్ల బారి నుంచి తప్పించుకు వచ్చిన ఆడవాళ్లకు రైల్వే గేటుకాపరి హంపన్న అడ్డు నిలిచాడు, తూటాకు ప్రాణం పోగొట్టుకున్నాడు. నిందితుడు విడుదలయ్యాడు. అయినా హంపన్న పేరు మిగిలిందంటే, చిన్న ఊళ్లో ఉన్న కేశవపిళ్లె అనే విలేకరి ఆ సంగతిని వదలకుండా పట్టుకోవడం వల్లే. కోర్టు చేయని న్యాయంలో కొంతైనా పత్రిక చేసింది.

ఇవాళ మా పత్రికకు వచ్చే రచనల్లో ‘ఎందరో సామాన్యులు’ ఉంటారు, వాళ్లలో ఒక్కరికీ ఊరుండదు. ‘అప్పట్లో’ అని ఉంటుంది, సంవత్సరం ఉండదు. వలపోతకు కొదవలేదు. చేయి తిరిగిన రచయితలు కూడా ఇలా రాయడం నాకు కష్టంగా ఉంది. ఊరు చెప్పని కథ ఎంత తియ్యగా ఉన్నా ఆ ఊరివాళ్లకు దక్కదు.

సరిహద్దుకు అవతలా ఇవతలా ఉన్న పాఠకులకు నా విన్నపం ఒక్కటే. మీ అమ్మో నాయనో ఇంకా మాట్లాడగలిగితే ఈ వారమే పక్కన కూర్చోండి. వాళ్లు చేసిన పని, దానికొచ్చిన కూలి, తిరిగిన ఊళ్లు అడిగి, వాళ్ల మాటల్లోనే రాయండి. పళ్ళికొండ తెలుగును బెజవాడ తెలుగుగా దిద్దకండి. రాసింది వాళ్లకు చదివి వినిపించి, ఆ తర్వాత మాకు పంపండి. వేసుకుంటాం.